తెల్లారుగట్ల మూడింటికి మెలకువ వస్తే ఏం చేయాలి? నిద్ర టెక్నిక్స్ రివ్యూ

నమస్తే అండి, శ్రీకాకుళం నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఛానల్‌లో మామూలుగా కూలర్లు, ఇన్వర్టర్లు, మిక్సీలు రివ్యూ చేస్తుంటాను. ఇవాళ పైసా పెట్టి కొనక్కర్లేని వాటి వంతు. కొంతమందికి పడుకోగానే నిద్ర పడుతుంది. రెండింటికో మూడింటికో మెలకువ వస్తుంది, ఇక కన్ను మూత పడదు. అలాంటప్పుడు ఇది చేయండి, అది చేయండి అని వాట్సాప్‌లో తిరిగే టెక్నిక్స్ చాలా ఉన్నాయి కదా, వాటిలో ఏది ఎంతవరకు పనికొస్తుందో చూద్దాం. నేను డాక్టర్ని కాదు. చదివాను, చేసి చూశాను, అంతే.

ముందు ఒక మాట. మధ్యలో మెలకువ రావడం దానంతట అది జబ్బు కాదు. నిద్ర సుమారు 90 నిమిషాలకు ఒక విడత చొప్పున నడుస్తుంది. విడతకీ విడతకీ మధ్య అందరికీ కాస్త మెలకువ వస్తుంది, చాలాసార్లు పొద్దున్నకి గుర్తుండదు. గాఢనిద్ర ఎక్కువభాగం రాత్రి మొదటి సగంలోనే అయిపోతుంది. తెల్లారుగట్ల మిగిలేది పల్చటి నిద్ర, కలల నిద్ర. అందుకే పదకొండింటికి వీధి కుక్కలన్నీ మొరిగినా కదలని మనిషి, మూడింటికి కరెంటు పోయి ఫ్యాను ఆగగానే లేచి కూర్చుంటాడు. మే నెలలో మన ఉక్కపోత సంగతి వేరే చెప్పాలా?

మెలకువ కంటే చేటు దాని వెనకాల వచ్చే లెక్క. ఫోన్ తీసి టైం చూస్తాం. మూడుంబావు. ఆరింటికి ఆమదాలవలసలో ట్రైను, ఐదింటికల్లా లేవాలి, ఇప్పటికిప్పుడు నిద్రపోయినా గంటాముప్పావే. ఆ లెక్క తేలేసరికి గుండె దడ మొదలవుతుంది. అందుకని ఈ రివ్యూలో నేను చూసేది ఒక్కటే. ఈ టెక్నిక్ ఆ లెక్కని ఆపుతోందా, లేకపోతే 'ఇంత చేసినా నిద్ర రాలేదే' అని ఇంకో లెక్క మొదలెడుతోందా?

అందరూ ముందు చెప్పేది 4-7-8 శ్వాస. అమెరికాలో ఆండ్రూ వీల్ అనే డాక్టర్ దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు, మూలం మన ప్రాణాయామమే. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చాలి, ఏడు వరకు బిగబట్టాలి, ఎనిమిది వరకు నోటితో వదలాలి. గాలి నెమ్మదిగా వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, అది నిజమే. కానీ అలవాటు లేనివాళ్లకి ఏడు వరకు బిగబట్టడం ఆయాసంగా ఉంటుంది, జలుబు చేసినప్పుడు మరీను. నన్నడిగితే బిగబట్టడం మానేసి, పీల్చినదాని కంటే వదలడం ఎక్కువసేపు చేయండి చాలు. దీంతో అసలు ఇబ్బంది ఏమిటంటే, నాలుగు సార్లు చేసి 'వచ్చిందా?' అని చూసుకుంటాం. అలా చూసుకున్నామంటే మళ్లీ మొదటికే. పదికి ఆరు మార్కులు.

కండరాలు బిగించి వదలడం అనేది ఎడ్మండ్ జాకబ్సన్ అనే అమెరికన్ డాక్టర్ 1920లలో తయారుచేసిన పద్ధతి. పాదాల దగ్గర మొదలుపెట్టి ఒక్కో భాగాన్ని ఐదు సెకన్లు బిగించి ఒక్కసారి వదిలేయడం, అలా మొహం దాకా రావడం. రోజంతా కుర్చీలో కూర్చుని మెడ, భుజాలు పట్టేసినవాళ్లకి ఇది బాగుంటుంది. పిక్కలు మాత్రం గట్టిగా బిగించకండి. అర్ధరాత్రి పిక్క పట్టేసిందంటే ఇంటిల్లిపాదీ లేస్తారు.

యోగనిద్ర ఆడియోలు కూడా ఇప్పుడు చాలామంది వింటున్నారు. ఈ రూపంలో దీన్ని తీర్చిదిద్దినది బిహార్‌లోని ముంగేర్ యోగా పాఠశాల స్వామి సత్యానంద సరస్వతి. తమాషా ఏమిటంటే అసలు సాధనలో 'నిద్రపోకండి, మెలకువగా ఉండండి' అనే చెప్తారు. నిద్రపో అనకపోవడమే దీని బలం అని నాకనిపిస్తుంది. తెలుగులో కూడా దొరుకుతాయి. ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. లేకపోతే కుడికాలి బొటనవేలు, ఎడమకాలి బొటనవేలు అంటూ ఒళ్లు తేలికపడుతున్న టైములో టూత్‌పేస్ట్ యాడ్ వచ్చి గుండె ఆగినంత పనవుతుంది.

ఇక నాకు బాగా నచ్చినది చెప్తాను. కెనడాలో లూక్ బోడ్వాన్ అనే ఆయన తయారుచేశారు, ఇంగ్లీషులో 'కాగ్నిటివ్ షఫుల్' అంటారు. ఏ గొడవా గుర్తుచేయని ఒక మాట తీసుకోవాలి. 'పనస' అనుకుందాం. మొదటి అక్షరం ప. పలక, పడవ, పందిరి, పావురం... ఒక్కోదాన్ని కళ్లముందు బొమ్మలాగా ఓ క్షణం చూడాలి, వదిలేయాలి. పలక ఎవరిది, పడవ ఎక్కడిది అని కథ అల్లకూడదు. ఆ అక్షరంతో ఇంక తట్టకపోతే న. నత్త, నాగలి, నిచ్చెన. గుణింతం ఏదైనా పర్వాలేదు. నిద్రలోకి జారేటప్పుడు మనసులో ఇలాగే పొంతన లేని బొమ్మలు వస్తాయి కదా, మనం ముందుగా అవే వేసి పెడుతున్నామన్నమాట. ఆ కాసేపూ ట్రైను లెక్కకి చోటుండదు. 'బాకీ', 'బాస్' లాంటి మాటలు మాత్రం ఎంచుకోకండి. నేను మన జిల్లా సరుకే వాడతాను. జీడిపిక్క, కొబ్బరిమట్ట, తేలినీలాపురం కొంగలు, నాగావళి ఇసుక. 'స' దాకా వెళ్లిన రాత్రులు తక్కువ. పదికి ఎనిమిదిన్నర.

ఇవేవీ పనిచేయకపోతే? అక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. పట్టుపట్టి మంచం మీదే దొర్లుతారు. రిచర్డ్ బూట్‌జిన్ అనే సైకాలజిస్ట్ 1972లో చెప్పిన పద్ధతి దీనికి సరిగ్గా ఎదురు. పావుగంట, ఇరవై నిమిషాలు గడిచినట్టు అనిపిస్తే లేచిపోండి, గడియారం చూడొద్దు, అందాజుగా. మసక వెలుతురులో వేరే చోట కూర్చోండి. కళ్లు బరువెక్కితేనే తిరిగి రండి. మళ్లీ పట్టకపోతే మళ్లీ లేవండి. ఎన్నిసార్లయినా సరే, పొద్దున్న మాత్రం రోజూ లేచే టైముకే లేవాలి. మంచం అంటే నిద్ర అనే అలవాటు ఒంటికి తిరిగి పట్టించడం దీని ఉద్దేశం. మా నాన్నమ్మ అయితే ఇంత చెప్పేది కాదు, "నిద్రట్టకపోతే మంచం మీద ఏటి పని? లెగిసి కూకో" అనేది.

ఒక గదిలో నలుగురు పడుకునే ఇళ్లలో ఇది కష్టమే, ఒప్పుకుంటాను. లైటు వేస్తే పిల్లలు లేస్తారు. పడుకునే ముందే వరండాలో ఒక కుర్చీ, దోమల చక్రం పెట్టుకోండి. చేతికి ఏదైనా విసుగు పుట్టించే పని ఉండాలి. వెల్లుల్లి రెబ్బలు ఒలవడం, ఉతికిన బట్టలు మడతపెట్టడం. ఫోన్ మాత్రం లోపలే ఉండాలి. మొదటి కొన్ని రోజులు పగలు మగతగా ఉంటుంది, అప్పుడు బండి నడిపేవాళ్లు జాగ్రత్త. మజా లేని టెక్నిక్ కాబట్టి ఎవరూ రీల్స్ చేయరు గానీ, నా తొమ్మిది మార్కులు దీనికే. దీర్ఘకాలం నిద్ర పట్టనివాళ్లకి మందుల కంటే ముందు సీబీటీ-ఐ అనే చికిత్స (నిద్ర చుట్టూ ఉన్న ఆలోచనల్ని, అలవాట్లని మార్చేది) ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే డాక్టర్ల సంఘం 2016లో సిఫారసు చేసింది. ఈ పద్ధతి ఆ చికిత్సలో ఒక భాగం.

రేపటి పనుల మీదే బుర్ర తిరిగేవాళ్లకి ఇంకోటి. పడుకునే ముందు ఐదు నిమిషాలు రేపు చేయాల్సినవి కాగితం మీద రాయండి. అమెరికాలో బేలర్ యూనివర్సిటీ వాళ్లు 2018లో ల్యాబులో పరీక్షించి చూస్తే, చేసేసిన పనులు రాసినవాళ్ల కంటే చేయాల్సినవి రాసినవాళ్లు సగటున తొమ్మిది నిమిషాలు ముందు నిద్రపోయారు. ఇది మొదట నిద్ర పట్టడానికి తేలిన సంగతే, మూడింటి మెలకువకి కాదు. ఐదు నిమిషాల పనే కదా, నేను రాస్తున్నాను.

పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో నైట్ షిఫ్ట్ చేసి పగలు పడుకునేవాళ్లకి ఇవి సగమే పనిచేస్తాయి. వాళ్లకి ముందు కావాల్సింది కిటికీకి మందపాటి తెర. సాయంత్రం ఆరింటికి తాగిన టీలో కెఫీన్ దాదాపు సగం పదకొండింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. మద్యం తాగితే తొందరగా నిద్ర పడుతుంది గానీ రాత్రి రెండో సగంలో నిద్ర ముక్కలవుతుంది. వీటి గురించి అందరూ చెప్పేశారు, సాగదీయను.

కొన్నిటికి ఏ టెక్నిక్కూ పనికిరాదు. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాళ్లు, షుగర్ వల్ల మాటిమాటికీ బాత్‌రూంకి లేచేవాళ్లు డాక్టర్‌కి చూపించుకోవాలి. రాత్రయ్యేసరికి కాళ్లు పీకుతూ, కదపకుండా ఉండలేకపోవడం కూడా అలాంటిదే. రక్తహీనతలో, కిడ్నీ జబ్బులో అలా అవుతుంది, కాబట్టి కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు వాళ్లు దాన్ని వయసు మీద తోసేయకండి. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్ర తెచ్చుకోవడం వద్దు, పెద్దవాళ్లు రాత్రి లేచి పడిపోయే ప్రమాదం ఉంది. వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు ఇలాగే ఉంటే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు, చికిత్స ఉంది. దిగులు, భయం వల్ల నిద్ర పోతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రి మూడింటికి చేసినా ఎత్తుతారు.