ఆవకాయ కత్తి అటకెక్కే ముందు

అక్క: నమస్కారం. ముక్కలు కొట్టడం అయిపోయింది కనుక, వానలు మొదలయ్యేలోగా కత్తిపీటకు తుప్పు పట్టకుండా ఏం చేయాలో ఈ రోజు చెప్పుకుందాం. కోనసముద్రం ఊరి పాతకాలపు ఉక్కు సంగతి మాత్రం చివర్లో, తమ్ముడూ.

తమ్ముడు: చివర్లో సమయం మిగలదని శ్రోతలకూ తెలుసు.

అక్క: మామిడికాయ పులుపు, ఉప్పుచేయి తగిలిన కత్తిని అదే పూట కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కాసేపు ఎండలో పెట్టి, చల్లారాక ఆముదం పలచగా రాయాలి. పద్ధతి ఇంతే.

తమ్ముడు: ఆముదమే ఎందుకు? అమ్మ కొబ్బరినూనె రాసేది కదా.

అక్క: అమ్మ రాసింది తలకు పెట్టుకోగా చేతికి మిగిలిన నూనె. అది రోజూ వాడే కత్తి కనుక నిలిచింది. ఏడాదికోసారి అటక దిగే కత్తికి నువ్వు పొద్దుతిరుగుడు నూనె పూశావు, గుర్తుందా?

తమ్ముడు: ఆ సంగతి ఇక ఎత్తవద్దని ఒప్పుకున్నాం.

అక్క: ఆ నూనె గాలికి బంకలా మారింది, బంకకు దుమ్ము అంటింది, దుమ్ము తేమను పట్టి ఉంచింది. ఆముదం అలా గట్టిపడదు.

తమ్ముడు: కొబ్బరినూనె కూడా గట్టిపడి బంక కాదు. కాబట్టి నేను ఓడిపోలేదు.

అక్క: ఓడిపోలేదు, కానీ అది పలచన. నిలబెట్టిన కత్తి మీద నుంచి తొందరగా జారిపోతుంది. చిక్కని ఆముదం పట్టుకుని ఉంటుంది. పీట తిప్పి చూడు, కత్తి చెక్కలోకి దిగిన చోట బియ్యపుగింజంత ఎర్రమచ్చ ఉంది. కడిగిన నీళ్లు అక్కడే నిలుస్తాయి.

తమ్ముడు: కోనసముద్రం ఉక్కుకూ ఇదే బాధ.

అక్క: వచ్చేశాడు.

తమ్ముడు: నిజామాబాద్ జిల్లాలోని ఆ ఊళ్లో మూసల్లో, అంటే మట్టిపాత్రల్లో కరిగించి తయారుచేసే ఉక్కును కొనడానికి ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చేవారని భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్సే రాసినది 1832లో అచ్చయింది. అంత పేరున్న ఉక్కులోనూ కర్బనం దండిగా ఉందే గాని, తుప్పును ఆపే క్రోమియం లేదు. ఆ కత్తులకూ నూనె తప్పేది కాదు. ఇప్పటి స్టెయిన్‌లెస్ స్టీలులో క్రోమియం కనీసం 10.5 శాతం ఉంటుంది.

అక్క: సరే, మరి కత్తి పక్కన బొటనవేలి ముద్ర ఎర్రగా దిగిపోయింది, అది ఎవరిది?

తమ్ముడు: ...చెమటలోని ఉప్పుకు అలా అవుతుంది.

అక్క: ఎవరిది అని అడిగాను.

తమ్ముడు: నాదే. ముక్కలు కొట్టి, తుడవకుండా పక్కన పెట్టాను.

అక్క: బూడిదతో తోము. ఆ తడిగుడ్డలో చుట్టకు, నూనె కాగితంలో చుట్టు. ఆముదం సీసా ఎక్కడుంది?

తమ్ముడు: అటక మీద.