టైరుకు డబ్బులు కోసేముందు ఇరుసు కొలవండి

(నెల్లూరులో రోడ్డు భద్రతా మాసోత్సవాల సభలో ఒక అలైన్‌మెంట్ మేస్త్రి చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, లారీ ఓనర్లకు, వెనకాల నిలబడే ఉన్న డ్రైవరన్నలకు, క్లీనర్ తమ్ముళ్ళకు నమస్కారం. అన్నా, ముందు వరసలో ఇన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. మీరు కూర్చున్నాకే మొదలుపెడతాను. మొహమాటం వద్దు, రండి.

రోడ్డు భద్రత అనగానే హెల్మెట్టు, సీటు బెల్టు, తాగి నడపడం గురించి చెబుతాం. చెప్పాల్సినవే. నన్ను మాత్రం వీల్ అలైన్‌మెంట్ గురించి, అంటే చక్రాలు ఉండాల్సిన కోణంలో ఉన్నాయా అని కొలిచి సరిచేయడం గురించి, పది నిమిషాలు చెప్పమన్నారు. టో, క్యాంబర్, క్యాస్టర్ అని మూడుంటాయి. వరసగా చెప్పేస్తాను.

మొదటిది టో. ముందు చక్రాలు రెంటినీ పైనుంచి చూస్తే లోపలికి తిరిగున్నాయా, బయటికి తిరిగున్నాయా అన్న లెక్క. రెండు టైర్ల మధ్య దూరం ముందు పక్క ఒకసారి, వెనక పక్క ఒకసారి కొలుస్తాం. కంపెనీ చెప్పినదానికంటే 3 మిల్లీమీటర్లు తేడా వచ్చిందనుకోండి. రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంత మందమో అంత. లారీ టైరు ఎత్తు దాదాపు మీటరు కాబట్టి, బండి ఒక కిలోమీటరు పోయేసరికి ఆ రెండు టైర్లూ కలిసి 3 మీటర్లు పక్కకి ఈడ్చుకుంటాయి. ఇక్కణ్ణుంచి మద్రాసుకు సుమారు 175 కిలోమీటర్లు. అంటే ఒక్క ట్రిప్పులో, పోయేటప్పుడే, అర కిలోమీటరుకు పైగా రబ్బరు తారుకి రుద్దుకుంటోంది. కాడి కింద రెండెద్దులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నడిస్తే బండి లాగే బలం ఎంత వృథా అవుతుందో ఒంగోలు పక్క రైతుల్ని అడగండి. ఇక్కడ ఆ వృథా డీజిల్లో పోతుంది, టైర్లో పోతుంది.

ఈ లెక్క నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. అంతకుముందే దానికి డబ్బు కట్టాను. అది చెప్పకుండా క్యాంబర్‌కి పోలేను.

1997లో నేను డ్రైవర్ని. చీమకుర్తి నుంచి మద్రాసు హార్బరుకు గ్రానైట్ రాళ్ళు తోలేవాణ్ణి. పది టైర్ల బండి. ఇప్పుడు 16 అంటున్న హైవేని అప్పుడు 5 అనేవాళ్ళం. ఆ బండి ఎడమకి లాగేది. స్టీరింగ్ కుడికి పట్టి ఉంచితేనే తిన్నగా పోయేది. కావలి దాటేసరికి భుజం నొప్పి మొదలై, తడ చెక్‌పోస్టు దగ్గర దిగేసరికి టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికేది. ముందు ఎడమ టైరు ఒక పక్కే తినేసింది, లోపల తీగ కనబడేదాకా. ఓనరు ఏమన్నాడంటే, ‘నువ్వు గుంతల్లో దించి టైరు చంపేశావు’ అన్నాడు. సగం ఖరీదు నా జీతంలో పట్టాడు. నాలుగు నెలలు పట్టాడు. ఆ నాలుగు నెలలూ మా ఇంట్లో పాలు మానేశాం. పిల్లకి మూడేళ్ళు.

ఆ పని మానేసి ఇక్కడ ఆటోనగర్లో ఒక షెడ్డులో హెల్పర్‌గా చేరాను. రెండేళ్ళకి అదే బండి మా షెడ్డుకొచ్చింది. నేను అంటించిన వినాయకుడి బొమ్మ డ్యాష్‌బోర్డు మీద అట్లాగే ఉంది. డ్రైవరు కొత్త పిల్లోడు. అదే ఎడమ టైరు, అదే అరుగుడు. మా మేస్త్రి ముందు చక్రాలు ముట్టుకోలేదు. వెనక్కి పోయి టేపు చివర నా చేతికిచ్చి, వెనక ఇరుసులు రెంటి మధ్య దూరం కొలిపించాడు. కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఇంకొకటి. అర అంగుళం తేడా! కిందికి దూరి చూస్తే, ఇరుసుని జరక్కుండా పట్టుకునే టార్క్ రాడ్ చివర బుష్ రబ్బరు ముక్కలై ఉంది, సందులో నా వేలు దూరింది. వెనక ఇరుసు వంకరగా బండిని నెడుతోంది, ముందు టైరు ఆ దెబ్బ తింటోంది. ఆ పిల్లోడు నా పక్కనే గొంతుక్కూర్చుని, ‘అన్నా, అయితే తప్పు నాది కాదా?’ అన్నాడు. వాడి జీతంలోనూ కోస్తున్నారు.

ఓనర్లు కోప్పడొద్దు. టైరు అరిగిందని డ్రైవరు జీతంలో కోసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. పేర్లడగను. ఎత్తకపోయినా ఫరవాలేదు, మీ మనసుకు తెలుసు. కోసేముందు ఒక్కసారి బండిని కొలిపించండి. ముందు గాలి చూడండి. తర్వాత కింగ్ పిన్ను, అంటే ముందు చక్రం పక్కకి తిరిగే కీలు, వీల్ బేరింగు, స్టీరింగ్ కడ్డీ చివరుండే టై రాడ్ ఎండ్లు, వీటిలో ప్లే, అంటే వదులు, ఉందేమో చూసి సరిచేయించండి. ప్లే ఉంచుకుని ఎంత ఖరీదైన లేజర్ మిషన్ మీద అలైన్‌మెంట్ చేయించినా మొదటి గుంతకే పోతుంది. వెనక ఇరుసులు కూడా కొలవమని మీరే అడగండి. ముందు చక్రాలు మాత్రం చూసి బిల్లు రాసిచ్చే చోట్లున్నాయి.

మిషన్ లేకపోయినా ఒక పని చేయొచ్చు. వాన వెలిశాక తడిసిన మట్టి మీద బండిని తిన్నగా పోనిచ్చి, దిగి జాడలు చూడండి. ముందు టైర్ల జాడకి వెనక జాడలు రెండు పక్కలా ఒకేలా పడాలి. ఒక పక్కకి జరిగి పడితే బండి పీతలాగా నడుస్తోందని అర్థం.

టైం అయిపోయిందని చీటీ పంపారు. క్యాంబర్ అంటే చక్రం పైభాగం బయటికో లోపలికో వాలడం, అది చెడితే టైరు ఒక అంచే అరుగుతుంది. క్యాస్టర్ అంటే కింగ్ పిన్ను వెనక్కి వాలి ఉండటం, మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తను తిన్నగా వచ్చేది దానివల్లే. ఇంకా వివరం కావాలంటే షెడ్డుకి రండి, చూపిస్తాను.

డ్రైవరన్నలూ, మీకొక మాట. స్టీరింగ్ లాగుతుంటే మొదటి ట్రిప్పులోనే చెప్పండి. ఫోన్లో చెప్పినా సరే, ట్రిప్పు షీటు మీద తేదీ వేసి రాయండి. నేను భయపడి ఆరు నెలలు చెప్పలేదు. చెప్పి రాసుంటే రుజువుగా కాగితమన్నా మిగిలేది.

వచ్చేటప్పుడు గేటు పక్కన ఒక లారీ చూశాను, నిమ్మకాయల లోడు. దాని ముందు టైరు మీద అరచెయ్యి అడ్డంగా రాశాను. ఒక వైపుకి నున్నగా జారింది, తిరుగు వైపుకి రంపం పళ్ళలా తగిలింది. టో పోయిన టైరు అది. ఆ బండి ఓనరు ఇక్కడే ఉన్నాడని చెప్పారు. అయ్యా, భోజనానికి పోయేముందు డ్రైవర్ని కూడా తీసుకుని గేటు దగ్గరికి రండి. మీ చెయ్యి కూడా ఆ టైరు మీద పెట్టి చూద్దురుగాని. నేను అక్కడే ఉంటాను.