మంగమారిపేట తోరణం మీదికి ఎక్కకండి

పెద్దలకు, ఉపాధ్యాయులకు, విద్యార్థులకు నమస్కారం.

మన ఒంగోలు దగ్గరి కొత్తపట్నం తీరం అందరికీ తెలిసిందే. ఎంత దూరం నడిచినా కాలికింద ఇసుకే. రాయి చూడాలంటే చీమకుర్తి వైపు వెళ్లాలి. మన దగ్గర కొండలు లోపలే ఆగిపోయాయి. గుండ్లకమ్మ, పెన్న లాంటి నదులు మోసుకొచ్చిన ఒండ్రు, ఇసుకతో ఏర్పడిన తీరం మనది. విశాఖపట్నం దగ్గర అలా కాదు, అక్కడ తూర్పు కనుమలు సముద్రం అంచుదాకా వచ్చేస్తాయి. అందుకే భీమిలి దారిలో, తొట్లకొండ బౌద్ధారామానికి దిగువన ఉన్న మంగమారిపేట ఒడ్డు మన ఒంగోలు వాళ్లకు వింతగా తోస్తుంది.

అక్కడ ఒడ్డంతా రాళ్లే, వాటి మధ్య ఒక సహజ తోరణం. చూడగానే తిరుమల శిలాతోరణం గుర్తొస్తుంది. కానీ తిరుమలది క్వార్ట్‌జైట్, చాలా గట్టి రాయి. ఇక్కడిది ఖొండలైట్. ఒకనాటి మట్టి పొరలు భూగర్భంలో వేడికి, ఒత్తిడికి రూపు మారి ఈ రాయి అయ్యాయి. ఉప్పునీరు దీని పగుళ్లలోకి దిగి ఆరినప్పుడల్లా లోపల ఉప్పు స్ఫటికాలు పెరిగి రాతిని విడదీస్తాయి. కోణార్క సూర్యదేవాలయాన్ని ప్రధానంగా ఈ రాతితోనే కట్టారు. అక్కడి శిల్పాలు ఎంతగా అరిగిపోయాయో చూసినవారికి వేరే చెప్పనక్కర్లేదు.

కెరటం ఎప్పుడూ రాతిలో బలహీనమైన చోటునే తొలుస్తుంది. తొలిచి తొలిచి అవతలికి దారి చేసుకుంటే తోరణం మిగులుతుంది. ఎప్పటికైనా ఆ పైకప్పు కూలుతుంది, అది ప్రకృతి ధర్మం. ఆ రోజును మనం తొందరపెడుతున్నామే అన్నదే నా బాధ. నేను వెళ్లినప్పుడు కుర్రాళ్లు తోరణం మీద వరుసగా నిలబడి ఫొటోలు దిగుతున్నారు. పక్క రాళ్ల మీద పేర్లు చెక్కి ఉన్నాయి. తిరుమలలో కంచె ఉంది కాబట్టి ఆగుతున్నాం. కంచె లేనిచోట మనంతట మనం ఆగలేమా?

పిల్లలను తీసుకెళ్లే ఉపాధ్యాయులకు నా మనవి. ఆటు సమయం ఎప్పుడో అక్కడి మత్స్యకారులను అడిగి తెలుసుకుని వెళ్లండి. నీరు వెనక్కి తగ్గితేనే రాళ్ల అడుగు భాగం కనిపిస్తుంది. నాచు పట్టిన రాయి జారుతుంది కాబట్టి పట్టున్న చెప్పులు వేసుకోండి. వీలైతే ముందుగా చీమకుర్తి గ్రానైట్ చూపించండి, అది కరిగిన శిలాద్రవం చల్లబడి గట్టిపడిన రాయి. ఈ రెండింటి తేడా పిల్లలు తమ కళ్లతోనే పోల్చుకుంటారు. ఒక భూతద్దం ఉంటే చాలు, సుత్తి వద్దు. ఒడ్డున రాలిపడిన ముక్కల్లోనే గార్నెట్ అనే ఖనిజపు ఎర్రటి గింజలు చక్కగా కనిపిస్తాయి.