యొక్కకు, యోకకు మధ్య ఒక పులిహోర డబ్బా

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు వరసగా చెప్పడం ఆనవాయితీ. నాకిచ్చింది పదిహేను నిమిషాలే కాబట్టి పెద్దలు మన్నించాలి. "జపాన్‌లో మర్యాదలు" మీద మాట్లాడమన్నారు. ఎంత వంగి నమస్కరించాలో మీ గురువుగారు ఇప్పటికే నేర్పారు. మీరు జపనీస్ తరగతిలో రోజుకు ఇరవైసార్లు అనే "వకరిమషిత" సంగతి మాట్లాడతాను. అర్థమైందండీ అని. వెనక వరసలో నవ్వుతున్నారు, అంటే మీరూ అంటున్నారన్నమాట.

ఆ "అన్నమాట"ను పట్టుకుని ఉండండి.

టోక్యో వెళ్లిన కొత్తలో తోటి ఉద్యోగి ఒకాయన ఇంటికి భోజనానికి పిలిచాడు. జపనీస్‌లో నాలుగో తేదీ యొక్క, ఎనిమిదో తేదీ యోక. ద్విత్వాలూ దీర్ఘాలూ మనకు ఉగ్గుపాలతో వచ్చినవే, తేడా తెలియాలి. కానీ చెవి తెలిసిన మాటవైపే మొగ్గుతుంది. చిన్నప్పుడు "కి, కు, యొక్క, లో, లోపల" అని వల్లె వేసినవాణ్ణి. ఆయన యోక అంటే నాకు యొక్క అనే వినబడింది. "హై, హై, వకరిమషిత" అన్నాను. ఆయనా "హై" అన్నాడు. అక్కడ హై అంటే ఒప్పుకున్నట్టు కాదు, చాలాసార్లు మనం ఊ కొట్టినట్టే.

నాలుగో తేదీ సాయంత్రం స్టీలు డబ్బా నిండా పులిహోరతో వెళ్లి గంట నొక్కాను. ఆయన భార్య తలుపు తీసింది. ఏప్రాన్‌తో ఉంది, చేతులు తడి. "అరా" అంది ఆశ్చర్యంగా, అంతే. లోపలికి రమ్మంది, టీ ఇచ్చింది. మరో గదిలోకి వెళ్లి నెమ్మదిగా ఫోను చేసింది. ఈ రోజు కాదండీ అన్న ఒక్క మాట ఆమె నోట రాలేదు! ఆయన పరుగున వచ్చాడు. పిల్లవాడి కోసం వండిన కూర, అన్నం నలుగురం పంచుకుని తిన్నాం. గోడ మీది క్యాలెండర్‌లో ఎనిమిది చుట్టూ ఎర్ర సున్నా చూశాక ముద్ద గొంతు దిగలేదు.

నా బాధ పాఠ్యపుస్తకాల మీద. అన్నీ దెసు, మసు అని ముగిసే మర్యాద వాక్యాలే. స్నేహితుడు చెప్పింది సరిగా విన్నానో లేదో తేల్చుకోవడం ఏ పాఠంలోనూ నాకు కనబడలేదు. "త్తె" అంటే ఇంచుమించు మన "అని". "కొతో" అంటే సంగతి. రెండూ కలిస్తే అన్నమాట. "అషిత యసుమిత్తె కొతో?" అంటే, రేపు సెలవన్నమాటా? విన్నది మన మాటల్లో తిరిగి చెప్పి, చివర ఇది తగిలించి, గొంతు కాస్త పైకెత్తాలి. ఏదీ, అందరూ ఒకసారి అనండి. యసుమిత్తె కొతో? ఇంకా గట్టిగా!

సంగతి ముందే తెలిసి రూఢి చేసుకోవాలంటే "యొనె", మన "కదా". "హచి నొ హో ద యొనె?" ఎనిమిదే కదా? ఆ రోజు ఈ ఒక్క ముక్క అని ఉంటే పరువు దక్కేది. ఇవన్నీ తోటివాళ్ల దగ్గరేనండోయ్. పైఅధికారి దగ్గర "తొ ఇఉ కొతో దెసు నె" అని నిండుగా అనాలి. అక్కడ త్తె కొతో అంటే చనువు తీసుకున్నట్టు ఉంటుంది.

సమయం అయిందని చీటీ పంపారు. ఎనిమిదో తేదీ సంగతి చెప్పి దిగిపోతాను. మళ్లీ పిలిచారు, మళ్లీ పులిహోరతోనే వెళ్లాను. ఈసారి తలుపు తీసింది ఐదేళ్ల పిల్లవాడు. నన్నూ డబ్బానూ ఎగాదిగా చూసి, లోపలికి తిరిగి కేకేశాడు: "మామా, మైనిచి కురుత్తె కొతో?" అమ్మా, ఈయన రోజూ వస్తాడన్నమాటా?

తల్లి పరుగున వచ్చి వాడి నోరు మూసింది. నేను ఆ మాట ఇంకోసారి చెప్పమని వాణ్ణి బతిమాలి, జేబులోని రైలు చార్జీ రసీదు వెనక తెలుగులో రాసుకున్నాను.