ఫ్యాన్లకు మాట ఒకటే చాలు, జవాబు ఒక్కోటీ వినాలి

అందరికీ నమస్కారం.

మే నెలలో చెన్నైలో ఏసీ లేని గది ఎంత వేడెక్కుతుందో మీకు చెప్పక్కర్లేదు. గదిలో 37 డిగ్రీలుంటే, ఎన్ని ఫ్యాన్లు పెట్టినా కంప్యూటర్ చిప్పు అంతకన్నా కిందికి రాదు. గదికీ చిప్పుకీ మధ్య తేడాని తగ్గించడమే మన చేతిలో ఉన్నది. రాత్రంతా రెండరింగ్ పెట్టుకునేవాళ్ళు, ఇంట్లోనే చిన్న సర్వర్ నడిపేవాళ్ళు క్యాబినెట్ నిండా ఎనిమిది, పది ఫ్యాన్లు బిగించడం అందుకే. అది సరైన పనే. గాలి ఫ్యాన్ వేగంతో పాటు పెరుగుతుంది, కానీ దానికి పట్టే పవర్ వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. లెక్క ప్రకారం రెండు ఫ్యాన్లు పూర్తి వేగంతో తోసే గాలిని నాలుగు ఫ్యాన్లు సగం వేగంతో తోస్తాయి. పవర్ నాలుగో వంతే అవుతుంది, చప్పుడు కూడా బాగా తగ్గుతుంది.

అయితే మదర్‌బోర్డు మీద ఫ్యాన్ హెడర్లు, అంటే ఫ్యాన్ వైరు గుచ్చే పిన్నుల గుంపులు, కొన్నే ఉంటాయి. ఒక్క హెడర్ నుంచి వచ్చే వేగం సిగ్నల్‌ని పది ఫ్యాన్లకు పంచాలి. ఎలా?

నాలుగు పిన్నుల ఫ్యాన్‌లో ఒకటి గ్రౌండ్, ఒకటి 12 వోల్టులు. మూడోది ట్యాకో, అంటే ఫ్యాన్ తన వేగాన్ని తిరిగి చెప్పే వైరు. నాలుగోది పీడబ్ల్యూఎం, మనం వేగం చెప్పే వైరు. దాని మీద సిగ్నల్ సెకనుకు 25 వేల సార్లు పడి లేస్తుంది. మనిషి చెవికి అందే హద్దు దాటి ఉంటుంది కాబట్టి కూత వినిపించదు. ఆ వైరు ఊడిపోతే ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతుంది. ఈ ఏర్పాటు నాకు చాలా ఇష్టం. తెగినా మేలే జరిగేలా ఆలోచించారు.

పవర్ సంగతి తేలిక. హెడర్ మామూలుగా ఒక ఆంపియరే ఇస్తుంది, కాబట్టి పది ఫ్యాన్ల 12 వోల్టులు హెడర్ నుంచి తీయకండి. నేరుగా పవర్ సప్లై నుంచి తీసుకోండి. గ్రౌండ్ మాత్రం అందరికీ ఒకటే అయి తీరాలి.

సిగ్నల్ దగ్గరే అసలు చిక్కు. మదర్‌బోర్డు ఆ వైరును కిందికి లాగుతుంది, అంతే. పైకి లేపేది ఫ్యాన్ లోపలి రెసిస్టర్. ఇంటెల్ 2005 నాటి నిర్దేశాల ప్రకారం ఒక్కో ఫ్యాన్ 5 మిల్లీఆంపియర్ల దాకా తోయవచ్చు. పది ఫ్యాన్లంటే 50. అంతటినీ బోర్డు మీది చిన్న ట్రాన్సిస్టర్ 0.8 వోల్టుల కిందికి లాగలేకపోతే ఫ్యాన్లకు ఆ మాట అర్థం కాదు. రెండు మూడు ఫ్యాన్లకు స్ప్లిటర్, అంటే ఒక హెడర్‌ని కొన్ని ఫ్యాన్లకు చీల్చే వైరు, చాలు. అంతకు మించితే మధ్యలో బఫర్, అంటే వచ్చిన సిగ్నల్‌ని తిరగేయకుండా బలంగా ముందుకు పంపే సర్క్యూట్, పెట్టడమే నయం. ఎలక్ట్రానిక్స్ అంగళ్ళుండే మన రిచీ స్ట్రీట్‌లో 7407 చిప్పు అడగండి. అందులో ఆరు ఓపెన్ కలెక్టర్ బఫర్లుంటాయి, అంటే అవీ మదర్‌బోర్డులాగే వైరును కిందికి మాత్రమే లాగుతాయి, ఫ్యాన్‌కొకటి ఇవ్వండి. లోపలికి వచ్చే సిగ్నల్‌ని ఒక రెసిస్టర్‌తో 5 వోల్టులకు కట్టండి. అప్పుడు మదర్‌బోర్డు వైరు ఊడినా ఫ్యాన్లు పూర్తి వేగానికే పోతాయి.

చవగ్గా అవుతుందని ఒక్క ట్రాన్సిస్టర్‌తో సరిపెట్టకండి. అది సిగ్నల్‌ని తిరగేస్తుంది. చిప్పు వేడెక్కేకొద్దీ ఫ్యాన్లు నెమ్మదిస్తాయి! చలువగా ఉన్నప్పుడు చూస్తే అంతా బాగానే తిరుగుతున్నట్టుంటుంది కాబట్టి ఈ తప్పు కంటపడదు.

ఇక నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ట్యాకో గురించి. వేగం సిగ్నల్‌ని పంచినట్టు దీన్ని పంచకూడదు. ఒక్క చుట్టుకు రెండు పల్సులు వస్తాయి, 1200 ఆర్‌పీఎం అంటే సెకనుకు 40. పది ఫ్యాన్ల పల్సులు ఒకే వైరులో కలిస్తే ఏ లెక్కా తేలదు. అందుకే స్ప్లిటర్లు, హబ్‌లు ఒక్క ఫ్యాన్ ట్యాకోనే బోర్డుకు పంపి మిగతావాటిని వదిలేస్తాయి. క్లాసులో ఒక్కడు పలికితే అందరికీ హాజరు వేసినట్టు. ఆ ఒక్క ఫ్యాన్ తిరిగినంత కాలం తెర మీద అంతా క్షేమం. ఆగిపోయిన ఫ్యాన్ సంగతి ఎవరికీ తెలియదు. ఇక్కడి వేడికి బేరింగులోని నూనె త్వరగా ఎండిపోతుంది, సముద్రం దగ్గరి ఇళ్ళలో ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి. ఈ ఊళ్ళో ఫ్యాన్లు ఆగడం అరుదైన సంగతి కాదు.

కాబట్టి ప్రతి ట్యాకోనూ విడిగా చదవండి. ఒక ఆర్డునో, అంటే మనమే ప్రోగ్రాం రాసుకునే చిన్న బోర్డు, చాలు. ట్యాకో వైర్లను రెసిస్టర్లతో 5 వోల్టులకే కట్టండి, 12కి కడితే ఆర్డునో పిన్ను పాడయ్యే ప్రమాదముంది. పది ఫ్యాన్లూ ఒకే వేగంతో తిరగాలని ఆశించకండి. ఒకే సిగ్నల్‌కి 120 మిల్లీమీటర్లది ఒక వేగం, 140ది ఒక వేగం. ఒకే మోడల్లో కూడా కొంచెం తేడా ఉంటుంది. ఆ సిగ్నల్ దగ్గర ఏ ఫ్యాన్ మామూలు వేగం ఎంతో రాసిపెట్టుకుని, దానిలో 80 శాతం కన్నా పడిపోతే అలారం మోగించమనండి. పూర్తిగా ఆగకముందే ఫ్యాన్ మార్చుకునే వ్యవధి దొరుకుతుంది.

ఈ బల్ల మీద ఆరు ఫ్యాన్లు, ఒక 7407, ఒక ఆర్డునో పెట్టాను. ముందుకొచ్చి మీకు నచ్చిన ఫ్యాన్ కనెక్టర్ పీకండి. ఏ నంబరు ఫ్యాన్ ఆగిందో తెర మీద కనిపిస్తుంది.