గెలిచినవాళ్ల కథలు చాలు, మూతపడిన వ్యాపారాల కథలు కూడా చదువుదాం

సభకు నమస్కారం. నిర్వాహకులకు కృతజ్ఞతలు. నా పరిచయం కాస్త ఎక్కువసేపే సాగింది కాబట్టి నేరుగా విషయానికి వచ్చేస్తాను.

వ్యాపారం మొదలుపెట్టేవాళ్లు, కంపెనీలు నడిపేవాళ్లు తప్పక చదవాల్సిన పది పుస్తకాలు చెప్పమని నన్ను అడిగారు. పది పేర్లూ రాసుకొచ్చాను. అయితే ఆ పేర్లు వరసగా చదివి వినిపించే ముందు ఒక మాట చెప్పాలి. చాలాకాలంగా మనసులో ఉన్న మాట ఇది.

ఇలాంటి జాబితాలు ఎక్కడ చూసినా గెలిచినవాళ్ల పుస్తకాలే ఉంటాయి. 1982లో పీటర్స్, వాటర్‌మన్ రాసిన 'ఇన్ సెర్చ్ ఆఫ్ ఎక్సలెన్స్' వచ్చింది. గొప్పగా నడుస్తున్న కంపెనీలను ఎంచుకుని వాటి లక్షణాలు వివరించారు. రెండేళ్లు తిరిగేసరికి అందులో చాలా కంపెనీలు ఇబ్బందుల్లో పడ్డాయని బిజినెస్ వీక్ పత్రిక ముఖచిత్ర కథనం వేసింది. 2001లో జిమ్ కాలిన్స్ 'గుడ్ టు గ్రేట్' రాశారు. మామూలు స్థాయి నుంచి గొప్ప స్థాయికి ఎదిగాయని ఆయన ఎంచిన కంపెనీలు పదకొండు. వాటిలో సర్క్యూట్ సిటీ అనే అమెరికా ఎలక్ట్రానిక్స్ దుకాణాల సంస్థ 2008లో దివాలా తీసింది. అదే ఏడాది ఫ్యానీ మే అనే గృహరుణాల సంస్థను అమెరికా ప్రభుత్వం తన అధీనంలోకి తీసుకోవాల్సి వచ్చింది.

ఆ రచయితల శ్రమను నేను తక్కువ చేయడం లేదు. కాలిన్స్ 2009లో 'హౌ ద మైటీ ఫాల్' అని పెద్ద కంపెనీలు ఎలా కూలిపోతాయో వివరిస్తూ మరో పుస్తకం రాశారు. మరి ఆ రెండో పుస్తకం జాబితాల్లో ఎందుకు కనిపించదు? నాకు బాధ కలిగించేది అదే. పడిపోవడం గురించి చదవడానికి మనకు మనసొప్పదు.

ఫిల్ రోజెన్‌వైగ్ 2007లో రాసిన 'ద హేలో ఎఫెక్ట్' దొరికితే ముందు అది చదవండి. అందులో నెట్‌వర్క్ పరికరాలు తయారుచేసే సిస్కో కంపెనీ గురించి ఒక వివరణ ఉంటుంది. 2000లో షేరు ఆకాశంలో ఉన్నప్పుడు పత్రికలన్నీ ఆ కంపెనీ కస్టమర్లను చూసుకునే తీరును, వేరే కంపెనీలను కొని కలుపుకునే నేర్పును పొగిడాయి. మరుసటి ఏడాది షేరు పడిపోగానే అవే విషయాల్లో తప్పులు వెతికాయి. ఏడాదిలో కంపెనీ స్వభావం అంతగా మారిపోతుందా? ఫలితం చూసి, దానికి సరిపడే కారణాలను వెనక్కి వెళ్లి అల్లుకున్నారు. గెలుపు కథల్లో చాలావాటికి పునాది ఇదే.

ఇక్కడ నాకు బాగా తెలిసిన ఒకావిడ సంగతి చెప్పాలి. పేరు చెప్పను. యంత్రాల విడిభాగాలు తయారుచేసి పెద్ద కంపెనీలకు సరఫరా చేసేది. ఆవిడ చదివినన్ని నాయకత్వం పుస్తకాలు ఈ హాల్లో ఎవరూ చదివి ఉండరు. పనిమంతురాలు. మాట తప్పే మనిషి కాదు. ఆర్డర్లు ఏటికేడు పెరిగాయి. లెక్కల్లో లాభం కనిపిస్తోంది. కానీ సరుకు కొన్న పెద్ద కంపెనీ మూడు నెలలకు గానీ డబ్బు ఇచ్చేది కాదు. ముడిసరుకు అమ్మినవాళ్లకేమో నెలలోపు కట్టాలి. జీతాలు నెలాఖరుకల్లా ఇవ్వాలి. ఆర్డరు పెరిగిన కొద్దీ ముందుగా పెట్టాల్సిన పెట్టుబడి పెరిగేది. వ్యాపారం పెరగడమే ఆవిడ ప్రాణం మీదికి తెచ్చింది. బ్యాంకు ఒక దశలో ఇక అప్పు ఇవ్వనంది. చేతినిండా ఆర్డర్లు ఉండగానే ఆ వ్యాపారం మూతపడింది. మూసేసే రోజు కూడా లాభనష్టాల పట్టికలో లాభమే ఉంది.

లాభం వేరు, చేతిలో డబ్బు వేరు. దయచేసి ఈ మాట ఒక్కటి రాసుకోండి. ఆవిడ చదివిన అన్ని పుస్తకాల్లో ధైర్యం, పట్టుదల, దార్శనికత గురించి ఉంది. ఈ ఒక్క సంగతి గట్టిగా చెప్పిన పుస్తకం ఆవిడ చేతికి రాలేదు.

ఇప్పుడు నా జాబితాలోని మొదటి పుస్తకానికి వస్తాను. నైకీ స్థాపకుడు ఫిల్ నైట్ 2016లో రాసిన 'షూ డాగ్'. ఇది గెలిచినవాడి కథే. అయినా ఎందుకు చదవమంటున్నానో వినండి. నైట్ స్వయంగా అకౌంటెంట్. ప్రైస్ వాటర్‌హౌస్ అనే ఆడిట్ సంస్థలో పనిచేశాడు, కాలేజీలో అకౌంటింగ్ పాఠాలు చెప్పాడు. అలాంటి మనిషికీ ఏళ్ల తరబడి డబ్బు కటకటే. అమ్మకాలు పెరుగుతాయి, వచ్చిందంతా తర్వాతి సరుకు మీద పెట్టేస్తాడు, బ్యాంకు విసుక్కుంటుంది. 1975లో చెక్కులు బౌన్స్ అయ్యాయి. బ్యాంకు ఆయన ఖాతా వద్దనేసింది. అప్పుడు నిషో ఇవాయి అనే జపాన్ ట్రేడింగ్ కంపెనీ నైట్ లెక్కలన్నీ పరిశీలించి, బ్యాంకు బాకీ తానే కట్టేసింది.

ఆవిడ పరిస్థితి, నైట్ పరిస్థితి పక్కపక్కన పెట్టి చూడండి. పెరుగుదల అలాంటిదే, కటకట అలాంటిదే, బ్యాంకు చెయ్యివ్వడమూ అలాంటిదే. నైట్ వెనక ఒక నిషో ఇవాయి నిలబడింది. ఆవిడ వెనక ఎవరూ లేరు. ఆయన జ్ఞాపకాలు లక్షలమంది చదివారు. ఆవిడ జ్ఞాపకాలు రాయమని ఏ ప్రచురణకర్త అడుగుతాడు? నైట్ పుస్తకాన్ని పట్టుదలకు ఉదాహరణగా చదివేవాళ్లే ఎక్కువ. దాన్ని నగదు గురించిన పుస్తకంగా చదవమని నేను కోరుతున్నాను. పెన్సిల్ పట్టుకుని, డబ్బు అయిపోయిన ప్రతి చోటా గీత పెట్టుకుంటూ చదవండి.

రెండోది అసలు పుస్తకమే కాదు. నగదు ప్రవాహ పట్టిక, మనమంతా క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ అనేది. ఇలాంటి పట్టికలకు ఆధారం జంటపద్దు, అంటే ప్రతి లావాదేవీని రెండు చోట్ల రాసే పద్ధతి; దాన్ని లూకా పచోలి అనే ఇటలీ గణితవేత్త వెనిస్‌లో 1494లోనే అచ్చు వేయించాడు. ఐదు వందల ఏళ్లు దాటినా, కంపెనీ పెట్టినవాళ్లు లెక్కలను ఆడిటర్‌కు వదిలేసి నాయకత్వం పుస్తకాలు తెరుస్తున్నారు. నగదు ప్రవాహ పట్టికలో భాగాలు మూడే. రోజువారీ వ్యాపారం వల్ల ఎంత డబ్బు వచ్చింది, ఆస్తుల మీద ఎంత పెట్టారు, అప్పులూ వాటాల ద్వారా ఎంత తెచ్చారు లేదా తిరిగి ఇచ్చారు. లాభం చూపిస్తున్న కంపెనీలో మొదటి భాగం ఏటా మైనస్‌లో ఉంటే, మూడో భాగంలో అప్పు పెరుగుతూ ఉంటే, ఆవిడ కథే మళ్లీ నడుస్తోందని అర్థం. మీ రంగంలోనే షేర్ మార్కెట్లో ఉన్న ఒక కంపెనీ వార్షిక నివేదిక డౌన్‌లోడ్ చేసుకుని ఈ కళ్లతో చదవండి. డబ్బు పెట్టి కొనక్కర్లేదు.

డబ్బు పెట్టక్కర్లేనిది ఇంకొకటి ఉంది. వారెన్ బఫెట్ తన వాటాదారులకు రాసిన లేఖలు. 1977 నుంచి రాసినవి ఆయన కంపెనీ బెర్క్‌షైర్ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. అందరూ ఆయన పెట్టుబడి సూత్రాల కోసం చదువుతారు. నేను 2007 సంవత్సరపు లేఖ చదవమంటాను. 1993లో డెక్స్‌టర్ అనే చెప్పుల కంపెనీని 43.3 కోట్ల డాలర్లకు కొన్నారు. నగదుకు బదులు బెర్క్‌షైర్ షేర్లు ఇచ్చారు. డెక్స్‌టర్ విలువ సున్నా అయింది, ఇచ్చిన షేర్ల విలువ మాత్రం పెరుగుతూ పోయింది. వాటాదారులకు పడిన నష్టం 350 కోట్ల డాలర్లని, తాను చేసిన ఒప్పందాల్లో అదే అధ్వానమైనదని ఆయనే రాశారు. వాటాదారుల ముందు తన తప్పును లెక్క కట్టి పెట్టిన ఆ పేజీ నాకు పది గెలుపు పాఠాలకంటే విలువైనది.

గడియారం చూపిస్తున్నారు, తెలుస్తోంది. పది పూర్తి కావు. ఇంకొక్క పుస్తకం. కంప్యూటర్ చిప్‌ల కంపెనీ ఇంటెల్‌ను నడిపిన ఆండ్రూ గ్రోవ్ 1996లో రాసిన 'ఓన్లీ ద పారనాయిడ్ సర్వైవ్'. 1985లో మెమరీ చిప్‌ల వ్యాపారంలో జపాన్ కంపెనీల పోటీకి ఇంటెల్ నష్టాల్లో కూరుకుపోయింది. మనల్ని తీసేసి బోర్డు కొత్త సీఈఓను తెస్తే ఆయన ఏం చేస్తాడని గ్రోవ్ తన పైవాడైన గోర్డన్ మూర్‌ను అడిగాడు. మెమరీల నుంచి బయటపడేస్తాడు అన్నాడు మూర్. అయితే ఆ పని మనమే ఎందుకు చేయకూడదన్నాడు గ్రోవ్. పది నిమిషాల్లో పుస్తకం సారాంశం చెప్పే యాప్‌లలో మీకు ఈ సంభాషణ దొరుకుతుంది. కానీ ఆ మాట అనుకున్నాక కూడా తమను నిలబెట్టిన సరుకును వదులుకోవడానికి ఎంత తటపటాయించారో, మెమరీలను వదిలేద్దామని చెప్పడానికి గ్రోవ్‌కే నోరు ఎంత రాలేదో, ఆ పేజీలు సారాంశంలో ఉండవు. పుస్తకం కొనేది వాటి కోసమే.

మిగతా పేర్లు నిర్వాహకులకు కాగితం మీద ఇస్తాను. నాకు ఒక కోరిక ఉంది. ఈ సభలో వ్యాపారం మూసేసినవాళ్లు ఉంటే, ఇల్లు చేరాక నాలుగు పేజీలు రాయండి. ఎప్పుడు డబ్బు తగ్గడం మొదలైంది, ఎవరి దగ్గర ఎంత ఆగిపోయింది, ఎవరు హెచ్చరించారు, ఎందుకు వినలేదు. తేదీలు, అంకెలు వేయండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, మీ తర్వాత వచ్చేవాళ్లకు అంతకంటే పనికొచ్చే పుస్తకం నేను సూచించలేను. ఇప్పుడు ప్రశ్నల సమయం అంటున్నారు. నిర్వాహకులు ఏమీ అనుకోకపోతే మైకు ముందు వ్యాపారం మూసేసినవాళ్లకే ఇవ్వండి. వాళ్లు మాట్లాడాక నన్ను అడగవచ్చు.