మూరెడు టేపు

శ్రోతలకు నమస్కారం.

ఈమధ్య పాత అట్టపెట్టె ఒకటి సర్దుతుంటే అడుగున ఆడియో క్యాసెట్ దొరికింది. పదేళ్ల మా అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నాన్నా, ఇందులో ఎన్ని పాటలు పడతాయి?" అని అడిగింది. పన్నెండు, మరీ చిన్నవైతే పద్నాలుగు అన్నాను. "అంతేనా!" అంది. తన దృష్టిలో అది పాటల పెట్టె కాదు, పెద్ద మోసం.

మా లెక్క పాటల్లో ఉండేది కాదు, నిమిషాల్లో ఉండేది. సి-60 అంటే ఈ వైపు అరగంట, ఆ వైపు అరగంట. పలచటి ప్లాస్టిక్ ఫిల్ము, దాని మీద తుప్పు రంగులో ఐరన్ ఆక్సైడ్ పూత. వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అది సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంది. అంటే నాలుగు నిమిషాల పాట దాదాపు పదకొండున్నర మీటర్లు. అప్పట్లో పాటకు పొడవుండేదండీ! అది ఈ చక్రం మీంచి ఆ చక్రం మీదికి చేరుతుంటే కిటికీలోంచి కనిపించేది. ఎంత అయిందో, ఇంకా ఎంత మిగిలిందో కంటితోనే తెలిసిపోయేది.

రోగం వచ్చినా కంటికి కనపడేది. గాయకుడి గొంతు ఉన్నట్టుండి సాగిపోయిందంటే ప్లేయరు టేపును నమిలేస్తోందని అర్థం. పరుగున వెళ్లి ఆపి, మూత తీసి, చుట్టుకుపోయిన టేపును తెగకుండా ఒక్కో మెలికా విడదీసేవాళ్లం. తర్వాత ఆరు పలకల పెన్సిలును చక్రంలో దూర్చి గిరగిరా తిప్పితే టేపంతా లోపలికి పోయేది. నలిగిన చోట మాత్రం పాట జీవితాంతం కుంటుతూనే ఉండేది. నాకు కొన్ని పాటలు ఇప్పటికీ ఆ కుంటుతోనే గుర్తున్నాయి. శుభ్రమైన రికార్డింగు వింటే ఏదో లోటుగా ఉంటుంది.

ఈ క్యాసెట్‌ను తయారుచేసిన బృందానికి నాయకుడు లూ ఒట్టెన్స్ అనే డచ్ ఇంజనీరు. ఫిలిప్స్ కంపెనీలో పనిచేసేవాడు. టేపు రికార్డరు జేబులో పట్టాలని ముందుగా ఒక చెక్కముక్క కోయించి, అది తన కోటు జేబులో పడుతుందో లేదో చూసుకున్నాడట. 1963లో బెర్లిన్ ప్రదర్శనలో దాన్ని జనానికి చూపించారు. ఆ తర్వాత నడుస్తూ వినే చిన్న క్యాసెట్ ప్లేయరు, సోనీ వాక్‌మన్ వచ్చింది, 1979లో. దాని మొదటి మోడల్‌కు హెడ్‌ఫోన్లు పెట్టుకోవడానికి రెండు రంధ్రాలుండేవి, ఇద్దరు కలిసి వింటారని. తర్వాత వచ్చిన వాటిలో రెండోది మాయమైంది. నన్నడిగితే వినోదంలో జరిగిన అసలు మార్పు ఆ రెండో రంధ్రం పూడిపోవడమే. మిగతావన్నీ దాని తర్వాతే.

వీడియో సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. 1976లో వీహెచ్ఎస్ అనే వీడియో క్యాసెట్ వచ్చింది, 1996లో డీవీడీ వచ్చింది. 2016లో జపాన్‌లోని ఫునాయ్ కంపెనీ కూడా వీసీఆర్‌ల తయారీ ఆపేయడంతో ఆ కథ ముగిసింది.

సీడీ మాత్రం నన్ను బాగా కలవరపెట్టింది. 1982లో అమ్మకానికి వచ్చిన ఆ 12 సెంటీమీటర్ల పళ్లెంలో ఐదు కిలోమీటర్లకు పైగా పొడవున్న గీత చుట్టలు చుట్టుకుని ఉంటుంది. ఎంత చూసినా ఇంద్రధనుస్సు రంగులే తప్ప ఆ గీత కనిపించదు. పాట ఆగితే చొక్కా అంచుతో తుడవడమే మనకు తెలిసిన వైద్యం. ఆ తర్వాత ఎంపీత్రీ వచ్చింది. పెద్ద శబ్దం పక్కనున్న చిన్న శబ్దం మన చెవికి ఎలాగూ ఆనదు కదా, అలాంటివి ఏరి పారేసి పాటను పదో వంతుకు కుదించేస్తుంది. 2001లో మొదటి ఐపాడ్ వెయ్యి పాటలను జేబులోకి తెచ్చింది. ఇప్పుడు జేబులో అవి కూడా అక్కర్లేదు. పాట కొద్ది సెకన్ల ముక్కలుగా ఎక్కడినుంచో వస్తుంది, మోగుతుంది, పోతుంది. నెట్ సరిగా లేకపోతే తెర మీద ఒక సున్నా తిరుగుతుంటుంది. ఆ సున్నాలో దూర్చడానికి పెన్సిలేదీ?

అలాగని ఆ రోజులే బాగుండేవని అనను. పాట వెనక ఎప్పుడూ "స్..." అని ఒక రొద. రేడియోలో వచ్చే పాట కోసం రికార్డు మీట మీద వేలుంచి కూర్చుంటే, సరిగ్గా పల్లవి ఎత్తుకునేటప్పుడు అనౌన్సరు మాట్లాడేవారు. ఎంత తిట్టుకునేవాణ్ణో! ఇవాళ నన్ను కూడా ఎవరో ఒకరు తిట్టుకుంటూనే ఉంటారు లెండి.

ఇంతకీ పెట్టెలో దొరికిన క్యాసెట్ అలాంటిదే. అందులో ఒకప్పుడు మా తాతయ్య గొంతు ఉండేది. ఆయన తన చిన్ననాటి కబుర్లు చెబుతుంటే నాన్న రికార్డు చేశారు. దాని మీద ఎవరూ ఇంకేదీ ఎక్కించకూడదని క్యాసెట్ వీపున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేశారు. అవి లేకపోతే రికార్డు మీట కిందికి దిగదు. కానీ ఆ గుంటలో కాగితం మడిచి కుక్కితే మీట దిగుతుందని మా ఈడు వాళ్లందరికీ తెలుసు. నాకు పదకొండేళ్లు, ఖాళీ క్యాసెట్ లేదు, రేడియోలో మంచి పాటలు వస్తున్నాయి. రికార్డు మీట నొక్కితే ముందు టేపుకు ఆనుకునే ఒక అయస్కాంతపు హెడ్ పాతదంతా చెరిపేస్తుంది, ఆ వెనకే రెండోది కొత్తది రాస్తుంది. తాతయ్య అలా చెరిగిపోయారు. సంగతి తెలిసిన రోజు నాన్న నన్ను తిట్టలేదు. టేపు రికార్డరు ఆపేసి బయటికి వెళ్లిపోయారు.

రెండో వైపు చివర, పాటలు అయిపోయాక, పదకొండు సెకన్లు మిగిలాయి. టేపులో కొలిస్తే మూర కన్నా కాస్త ఎక్కువ. మొన్న పాత ప్లేయరొకటి సంపాదించి దాన్ని ఫోన్‌లోకి ఎక్కించాను. ఏ ఫొటో ముందూ లెక్కలోకి రానంత చిన్న ఫైలు. అందులో తాతయ్య దగ్గుతారు. "ఇంకా తిరుగుతోందా ఇది?" అని అడుగుతారు. "సరే, ఆపు మరి" అంటారు. అంతే.

మా అమ్మాయి తెర మీద వేలితో గీతను వెనక్కి లాగి లాగి నాలుగైదుసార్లు వింది. "మిగతాది ఎక్కడుంది?" అని అడిగింది. చెప్పాను.

క్యాసెట్‌ను మళ్లీ పెట్టెలో పెట్టబోతూ చూస్తే, నేను కుక్కిన కాగితం ఇంకా ఆ గుంటలోనే ఉంది. పిన్నీసుతో బయటికి తీసేశాను.